వెంపలి కొమ్మకు గిలిగిచ్చకాయలు

ఆయన పెద్దకర్మ భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దమనిషి విస్తట్లో పప్పు కలుపుకుంటూ, "సీమక్కూడా అపకారం సెయ్యని మనిసమ్మా" అన్నాడు. ఎదురు వరసలో ఇద్దరు తలలూపారు. నాకు పొలమారింది. మంచినీళ్లు తాగి సర్దుకున్నాను గానీ లోపల ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయినంత మాత్రాన ఒక మనిషిని ఇంతలా మార్చెయ్యచ్చా?

చీమల సంగతి నాకు తెలియదు. మనుషుల విషయంలో మాత్రం ఆయనంత పగ పట్టే వాణ్ణి నేను చూడలేదు. పగంటే అరుపులూ కొట్లాటలూ కాదు. ఆయన గొంతు ఎప్పుడూ లేచేది కాదు. నవ్వుతూ, పని చేసుకుంటూ, ఏళ్ల తరబడి మోసేవాడు. ఆ పగలో కొంత నా మీదా పడింది. కాబట్టి ఆయన గురించి నిజం చెప్పే హక్కు ఆ పంక్తిలో కూర్చున్న అందరికన్నా నాకే ఎక్కువ ఉంది.

డెబ్బైల చివర్లో, విశాఖపట్నంలో నేను వృక్షశాస్త్రంలో పరిశోధనకు చేరిన కాలేజీలో ఆయన అటెండరు. హెర్బేరియం ఆయన చేతిలో ఉండేది. అంటే ఎండిన మొక్కల గది. మొక్కని కాయితాల మధ్య నొక్కి ఆరబెట్టి, అట్ట మీద దారంతో కుట్టి, తుమ్మబంకతో అతికించి, కింద కుడి మూల లేబులు అంటిస్తారు. మొక్క పేరు, దొరికిన చోటు, తెచ్చిన మనిషి పేరు. లేబులు ఒకసారి అంటించాక తియ్యకూడదు. తప్పని తేలినా పాతది అలాగే ఉంచి పక్కన చిన్న చీటీ అంటించాలి. నేను చేరిన మొదటి రోజు ఈ సంగతి నాకు చెప్పింది నా పరిశోధనకు గైడైన మాస్టారు కాదు, ఆయనే.

"తప్పైనా తియ్యకూడదు పాపా. తీస్తే ఆ మొక్క ఎక్కడిదో, ఎవులు తెచ్చేరో ఇంకెవులికీ తెల్దు."

మేమందరం ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం. ఎర్రగా, పొట్టిగా, చెవుల మీద వెంట్రుకలతో ఉండేవాడు. మొక్కలు ఆరబెట్టడానికి పాత న్యూస్‌పేపర్లు వాడేవాళ్లం. ఆయన లోకజ్ఞానమంతా వాటిలోంచే. రెండు మూడు నెలల కిందటి వార్త చదివి అప్పుడే జరిగినట్టు కోపం తెచ్చుకునేవాడు. "సూసినావా పాపా, ఏటి సేసేరో!" అని కాయితం పట్టుకొచ్చేవాడు. అప్పటికి ఆ గొడవ సర్దుమణిగి లోకమంతా మర్చిపోయి ఉండేది.

చిక్కుడు కుటుంబం మొక్కలంటే ఆయనకి ప్రాణం. మన ఇసక నేలల్లో, కొండవాలుల్లో పెరిగే వెంపలి, నీలి, గిలిగిచ్చ, ఇంకా పేరు తెలియని పాకే తీగలు ఎన్నో. పువ్వులన్నీ ఒక్కలాగే ఉంటాయి, సీతాకోకచిలక రెక్కలు ముడిచినట్టు. చదువుకున్న వాళ్లే బోల్తా పడతారు. ఆయన పడేవాడు కాదు. వెంపలి ఆకుని రెండు చివర్లా పట్టి లాగితే బాణం ములికిలా తెగుతుంది. అలా తెగకపోతే అది వెంపలి కాదు. గిలిగిచ్చ అయితే ఎండిన కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు, లోపల గింజలు గలగలమనాలి. ఎవరైనా పువ్వుతో పరిగెత్తుకొచ్చి పేరడిగితే ఒకటే మాట, "కాయేదీ?" కాయ చూపించకపోతే పేరు చెప్పడు. ఆఫీసు గుమాస్తా, కూతురికి బంగారం లాంటి సంబంధం కుదిరిందని లడ్డూలు పంచుతూ వస్తే, లడ్డూ తీసుకుని, "కాయేదీ?" అన్నాడు. గుమాస్తా ఆ తరవాత నెల్లాళ్లు ఈయనతో మాట్లాడలేదు.

పగ సంగతికి వస్తాను. ఒకసారి జాలరిపేటలో ఒక చేపలమ్మి ఈయనకి పాడైన వంజరం అంటగట్టింది. ఆ ఆదివారం నుంచి ప్రతి ఆదివారం ఆమె దగ్గరకే వెళ్లేవాడు. కూర్చుని, ఒక్కో చేప మొప్ప ఎత్తి చూసి, వాసన చూసి, ధర అడిగి, మళ్లీ గంపలో పెట్టేసి, పక్కనున్నామె దగ్గర కొనేవాడు. ఆమె కళ్ల ముందే. వానాకాలం, ఎండాకాలం లేదు. ఆరేళ్లు చేశాడు. ఒకసారి మా ఇంటికి చేపలు కొందామని వెళ్లి నేనే చూశాను. ఆమె చేతులు రెండూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"ఓ బాబూ! తప్పైపోనాది. ఒక్కపాలి కొనుక్కెల్లు. ఊరికే ఇచ్చీమన్నా ఇచ్చీత్తాను."

"సూద్దారి," అని మొప్ప మూసి లేచాడు. వెనక్కి వచ్చే దారిలో నాతో అన్నాడు, "ఇంకో రెండేల్లు పోనీ పాపా." ముఖంలో కోపం లేదు. సుఖం ఉంది. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఆయన ఊరు కూర్మన్నపాలెం దాటాక ఉండేది. ఉక్కు కర్మాగారానికి ఆ చుట్టుపక్కల భూములతో పాటు అదీ పోయింది. ఇళ్లు ఖాళీ చెయ్యకముందు ఆయన ఊరి వెనక ఇసకదిబ్బ మీదికి వెళ్లి ఒక మొక్క తెచ్చాడు. నేల మీద పాకే చిన్న నీలిజాతి మొక్క. పిట్టకాళ్లలా ఉండే కాయలు. వాళ్ల ఊరివాళ్లు దాన్ని పిట్టనీలి అనేవారట. పువ్వూ, కాయా, వేరూ అన్నీ పెట్టి కుట్టాడు. లేబులు మీద తన వంకర ఇంగ్లీషు అక్షరాలతో ఊరి పేరు, దిబ్బ పేరు, తన పేరు రాసుకున్నాడు. అది నేను చేరక ముందు సంగతి.

నేను చేరిన ఏడాది మాస్టారు బీరువాలు వెతుకుతూ ఆ అట్ట చూశారు. పుస్తకాలు తిరగేస్తే ఆ జాతి మన తీరం మీద ఉన్నట్టు ఎక్కడా రాసి లేదు. మాస్టారి కళ్లు మెరిశాయి. నన్ను పిలిచి, "నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. దీనికి కొత్త లేబులు రాయి" అన్నారు. తెచ్చినవారు అన్నచోట తన పేరు చెప్పారు. దొరికిన చోటు బీచ్ అన్నారు. ఎందుకంటే మాస్టారు ఎప్పుడైనా వెళ్లింది అక్కడికే.

"పాతది పక్కనే ఉంచాలి కదండీ?"

"అంత అసహ్యంగా ఉన్నది ఎందుకమ్మా, తీసెయ్."

తీసేశాను. తడి దూది పెడితే తుమ్మబంక నానింది. బ్లేడుతో ఎత్తితే వచ్చేసింది. పది నిమిషాల పని. నా సీటు మాస్టారి చేతిలో ఉంది, నాకు ఇరవై మూడేళ్లు, మా ఇంట్లో పీజీ దాటి చదివిన మొదటి ఆడపిల్లని. ఇవన్నీ సాకులే అని నాకు తెలుసు. చిత్తుకాయితాల బుట్టలో పడేసి చేతులు కడుక్కున్నాను.

మర్నాడు పొద్దున్న బాబాయ్ నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"నా సీటీ ఏదమ్మా?"

"మాస్టారు మార్చమన్నారు బాబాయ్."

"మార్సమంతే పక్కన అంటించాల. తీసీమన్నాడా?"

"అవును."

"ఎవులు తీసేరు?"

ఆయన కొత్త లేబులు మీద అక్షరాలకేసి చూశాడు. తరవాత నా చేతికేసి చూశాడు.

"ఊరు నేదు. దిబ్బ నేదు. మా ఊరి పేరు ఈ అట్ట మీద ఉన్నాదనుకున్నాను పాపా. అదొక్క సోటే ఉన్నాది."

మాస్టారి గదిలోకి వెళ్లాడు. మాస్టారి గొంతు మాత్రం నాకు బయటికి వినిపించింది. "అటెండరు పేరు వేస్తే నా పేపరు ఎవడు చదువుతాడయ్యా? మొక్కలు తేవడం నీ డ్యూటీ. తెచ్చావు. వెళ్లు." ఆయన బయటికొచ్చి, మొక్కలు నొక్కే చెక్కల బెల్టు ఇంకో కన్నం బిగించి పని చేసుకోవడం మొదలుపెట్టాడు.

ఏదో చేస్తాడని ఆ వారమంతా భయపడ్డాను. ఏమీ చెయ్యలేదు. టీ తెచ్చాడు, బీరువాలు తుడిచాడు, నన్ను పాపా అనే పిలిచాడు. ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి. మర్చిపోయాడనుకున్నాను. చేపలమ్మి సంగతి కళ్లారా చూసి కూడా అలా అనుకున్నాను, అంత తెలివితక్కువదాన్ని.

మూడో ఏడు మాస్టారికి ప్రమోషన్ ఆశ పుట్టింది. పెద్దదేదైనా కనిపెట్టాలని తహతహలాడుతున్నారు. సరిగ్గా అప్పుడు బాబాయ్ ఒక అట్ట తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టాడు.

"ఇదేటో నాకు తెల్దు సార్. కాయ కూడా ఉన్నాది."

ఈనె పక్కన వరసగా చిన్న ఆకులు, ఊదారంగు పువ్వులు, వాటి కింద గాలి ఊదినట్టు ఉబ్బిన కాయలు. మాస్టారు పుస్తకం తీశారు. ఆకులు అలా, కాయలు ఇలా ఉంటే అది ఇంగ్లీషులో మిల్క్ వెచ్ అనే మొక్క. చల్లటి కొండలది. తెలుగులో దానికి పేరు లేదు, మన వైపు అది పెరగదు కాబట్టి. అలాంటిది విశాఖపట్నంలో! మాస్టారికి చెమటలు పట్టాయి. ఎక్కడ దొరికింది, ఇంకా ఉన్నాయా, వెళ్లి చూద్దాం పద అని ఒక్క మాట అడగలేదు. ఆయన అడగరని బాబాయ్‌కి తెలుసు.

లేబులు మళ్లీ నేనే రాశాను. తెచ్చినవారు మాస్టారు. దొరికిన చోటు సింహాచలం కొండ. ఆ కొండకి మాస్టారు ఏటా వెళ్లేది దేవుణ్ణి చూడ్డానికే. బొమ్మ కూడా నేనే గీశాను. కాడ మధ్యలో ఒకచోట కణుపు కొంచెం లావుగా ఉంటే అలాగే లావుగా గీశాను. మాస్టారు దాన్ని చూసి, "ఉబ్బిన కణుపు, ఇది ఇంకే మిల్క్ వెచ్‌కీ లేదు, ఇది కొత్త జాతే" అని వ్యాసంలో ప్రత్యేకంగా రాసుకున్నారు. కాయ ఉంది కదా అని నేనూ నమ్మాను. కాయ చూస్తే చాలని నాకు నేర్పింది ఎవరో మీకు తెలుసు.

మద్రాసు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఈ కుటుంబం మొక్కల్లో ఆయన మాటకు తిరుగులేదు. మాస్టారు తన కొత్త జాతిని ప్రకటించే సభకి పక్క కాలేజీల వాళ్లు కూడా వచ్చారు. మాస్టారు అరగంట మాట్లాడాక ఆ పెద్దాయన అట్ట దగ్గరకు వచ్చి కళ్లద్దాలు పైకి నెట్టుకుని, ఇంగ్లీషులో మెల్లగా అడిగారు.

"దీన్ని మీరే తెచ్చారా?"

"నేనేనండి. సింహాచలం కొండ మీద."

"నేల్లోంచి మీరే తీశారా?"

"ఈ చేతులతోనే."

"కొంచెం వేడినీళ్లు దొరుకుతాయా?"

బాబాయ్ అప్పటికే గాజు పళ్లెంలో వేడినీళ్లు పోసి, చిటికెడు సబ్బు కలిపి, పక్క బల్ల మీద సిద్ధంగా ఉంచాడు. ఎండిన మొక్కని అలా నానబెట్టి చూడటం ఈ విద్యలో మామూలే. పెద్దాయన దారం కోసి కొమ్మని నీళ్లలో వేశారు. మేమందరం చుట్టూ మూగాం. కాసేపటికి ఆ లావు కణుపు దగ్గర తుమ్మబంక కరిగి నీళ్లలోకి తెల్లగా వచ్చింది. కొమ్మ రెండు ముక్కలైంది. ఆకులూ పువ్వులూ ఒక పక్కకి, కాయలు ఒక పక్కకి తేలిపోయాయి.

పెద్దాయన ఒక ఆకు తీసి రెండు చివర్లా పట్టి లాగారు. బాణం ములికిలా తెగింది. "ఇది వెంపలి. మీ గేటు పక్కన కూడా ఉంది, వస్తూ చూశాను. ఈ కాయలు గిలిగిచ్చవి. మీ చేతులతోనే తీశానన్నారు కదా?" అన్నారు. ఎవరో దగ్గారు. తరవాత గదంతా నవ్వు.

ఆ క్షణంలో మాస్టారి ముఖం గుర్తొస్తే నాకు ఈనాటికీ ఆనందమే. అటెండరు తెచ్చాడని చెప్పడానికి లేదు. లేబులు మీద మాస్టారి పేరే ఉంది, నిమిషం కిందట నోటితో కూడా చెప్పారు. తను దోచుకున్న పేరే పీకకు చుట్టుకుంది. అంత చక్కని శిక్ష ఏ జడ్జీ వెయ్యలేడు. అక్కడితో ఆగి ఉంటే బాబాయ్‌కి నేను దండ వేసి ఉండేదాన్ని.

మాస్టారి కళ్లు గదంతా వెతికి నా మీద ఆగాయి. "కుట్టడం, గీయడం అంతా ఈ అమ్మాయే చూసుకుంటుంది. నేను నమ్మాను" అన్నారు. నేను బాబాయ్‌కేసి చూశాను. ఆయన ఒలికిన నీళ్లు తువ్వాలుతో తుడుస్తున్నాడు. మా చూపులు కలిశాయి. తువ్వాలు పిండి మళ్లీ తుడిచాడు.

కాలేజీ వేసిన విచారణలో ముగ్గురు కూర్చున్నారు. బాబాయ్‌నీ పిలిచి అడిగారు, ఎవరు కుట్టారని.

"నాను బంక కలుపుతాను సార్. కుట్టుడు సంగతి సదూకున్నోల్లకే తెల్సు."

నమ్మారు. మాస్టారి ప్రమోషన్ పోయింది. రిటైరై ఊరు వదిలేదాకా ఆయన్ని పిల్లలు మిల్క్ వెచ్ మాస్టారనే పిలిచారు, బోర్డు మీద గిలిగిచ్చకాయ బొమ్మలు గీసేవారు. నా పరిశోధన సీటు కూడా పోయింది. ఆ కుట్టు ఎవరిదో నాకు తెలుసు. వెనక రెండు చుట్లు తిప్పి ముడి వెయ్యడం ఆ కాలేజీలో బాబాయ్ ఒక్కడికే అలవాటు. చెప్పలేదు. నా మంచితనం అనుకునేరు. ఆయన పేరు చెప్తే, ఎందుకు చేశాడో కూడా చెప్పాలి. అప్పుడు మొదటి లేబులు తీసింది నేనేనని బయటపడుతుంది.

కూర్మన్నపాలెంలో ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. ఊరు పోయినవాళ్ల కాలనీలో ఆయన ఇల్లు అక్కడికి దగ్గరే. సాయంత్రం నేను ఇంటికెళ్లడానికి బస్టాపుకి వచ్చేసరికి ఆయన డ్యూటీ నుంచి దిగేవాడు. మొదటిసారి ఎదురుపడినప్పుడు నేనే ఆపాను.

"ఒక్క మాట చెప్పుంటే నా సీటు ఉండేది కదా బాబాయ్? నీ పగ మాస్టారి మీద. నేనేం చేశాను?"

"తియ్యమన్నది ఆడు. తీసింది నువ్వు."

"చిన్నదాన్ని. భయపడ్డాను."

"నాను మాత్రం భయం నేకండా కుట్టేనా?" అన్నాడు. "ఆ అట్ట పక్కన నీ సేత్తోటి సీటీ రాసి అంటించు. నా పేరు, మా ఊరి పేరు. అప్పుడు నాను ప్రిన్సిపాలు గారి దగ్గరికెల్లి ఆ గుంట కాదు, నానే కుట్టేనని సెప్పీత్తాను."

"నువ్వు ముందు చెప్పు. తరవాత రాస్తాను."

"నువ్వు ముందు రాయి."

అదీ మా బేరం. ఆరేళ్లు నడిచింది. బస్టాపులో ఎదురుపడితే ఆయన "రాసినావా?" అనేవాడు. నేను "చెప్పావా?" అనేదాన్ని. పండగలకీ పబ్బాలకీ కూడా ఇంకో మాట లేదు. మా పాస్టరుగారు క్షమాపణ మీద ప్రసంగం మొదలుపెడితే నేను పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చునేదాన్ని. ఆయన రిటైరయ్యాక కూడా ఆ వేళకి బస్టాపు పక్క టీకొట్టు దగ్గర కూర్చునేవాడు, నన్నడగడానికే. చివరి ఏడు మనిషి బాగా చిక్కిపోయాడు. గొంతు పెగిలేది కాదు. కనుబొమ్మలు ఎగరేసేవాడు. నేనూ ఎగరేసేదాన్ని.

పెద్దకర్మకి నన్ను రమ్మని ఆయన కూతురు కబురు పెట్టింది. చనిపోయేముందు చెప్పి ఉంటాడని, ఏ కాయితమో రాసిపెట్టి ఉంటాడని ఆశతోనే వెళ్లాను. భోజనాలయ్యాక ఆ అమ్మాయి నన్ను వీధి అరుగు మీదికి తీసుకెళ్లింది.

"నాన్న మీకొక మాట సెప్పమన్నాడు మేడమ్."

"ఏమని?"

"ఏటో సీటీ అంట. ఆవిణ్ణి రాయమని అడక్కు అన్నాడు. ఆవిడ రాయదు, నాలాటి మనిసే, నాను సచ్చినా రాయదు అన్నాడు. అన్నీసి నవ్వేడు."

"నా గురించి ఇంకేమైనా చెప్పాడా? ఎవరికైనా, ఏదైనా?"

"నేదండి. అదే."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నేను ఆయనలాంటి మనిషినా? రాయనని ఆయనా చెప్పేది? మర్నాడు సెలవు పెట్టి మొదటి బస్సుకే కాలేజీకి వెళ్లాను. కొత్త అటెండరుకి నేనెవరో తెలియదు. పాత విద్యార్థినని చెప్తే బీరువా తీశాడు. పిట్టనీలి అట్ట దాని చోటులోనే ఉంది. కింద నా ముత్యాల్లాంటి అక్షరాల్లో అబద్ధం. దాని పక్కన చీటీ రాశాను. ఆయన పూర్తి పేరు, ఊరి పేరు, దిబ్బ పేరు. మొదటి లేబులు తీసేసింది నేనేనని రాసి సంతకం పెట్టాను. బంక రాసి బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. నా పరువు కన్నా ఆయన మాట ఓడిపోవడమే నాకు ఎక్కువనిపించింది. రాయదన్నావుగా, చూసుకో అనుకున్నాను.

బంక ఇంకా ఆరలేదు. అప్పుడు తెలిసొచ్చింది. రాయమని కూతురితో అడిగించి ఉంటే నేను చచ్చినా రాసేదాన్ని కాదు. రాయదని చెప్పించాడు. మాస్టారికి ఏ ఎర పనిచేస్తుందో తెలిసిన మనిషికి, నాకు ఏది పనిచేస్తుందో తెలియదా? పోయినవాడు పోయి కూడా తన పేరూ తన ఊరూ నా చేత్తోనే రాయించుకున్నాడు. బదులుగా నాకేమీ ఇవ్వలేదు. అట్టని గోడకేసి కొట్టాలనిపించింది. కొత్త అటెండరు చూస్తున్నాడని బీరువాలో పెట్టేశాను.

ఆయన పేరు కావలసినవాళ్లు ఆ కాలేజీకి వెళ్లి, చిక్కుడు కుటుంబం బీరువా తీయించుకుని చదువుకోండి. నా గురించి చెప్పవలసిన ఒక్క మాట ఆయన చెప్పకుండానే పోయాడు. ఇక్కడ ఆయన పేరు నేను రాయను.